కొవ్వు తీసింది రెండు గంటలు, కోలుకున్నది ఆరు వారాలు: హన్మకొండలో ఒక లైపోసక్షన్ కేసు

41 ఏళ్ల ప్రభుత్వ పాఠశాల టీచర్, ములుగు వైపు నుంచి ఆగస్టులో మా ఓపీకి వచ్చారు. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. అంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) 27 దాటింది. కొన్నేళ్లుగా థైరాయిడ్ గోలీ వేసుకుంటున్నారు. ఆమె చెప్పిన బాధ ఇది: “చీర కడితే కుచ్చిళ్ల పైన మడత పడ్తది సార్. పొద్దున నడుస్తున్న, రాత్రి అన్నం బంద్ చేసి జొన్నరొట్టె తింటున్న. ముఖం గుంజుకపోయింది గానీ ఇది మాత్రం పోతలేదు. బతుకమ్మ కల్లా అయిపోతే మంచిగుంటది.”

ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. వైద్యపరంగా ఇందులో వింతేమీ లేదు, పెద్ద కాంప్లికేషనూ రాలేదు. కానీ ఆపరేషన్ తర్వాత ఆమెకూ ఇంట్లోవాళ్లకూ టెన్షన్ పెట్టిన సంగతుల్లో చాలావరకు మాకు మామూలే. వాళ్లు మామూలే కదా అనుకుని వదిలేయబోయినవి, చేయబోయినవి ఒకటి రెండు మాత్రం నిజంగా భయపడాల్సినవి. లైపోసక్షన్, అంటే చర్మం కింది కొవ్వును సన్నని గొట్టంతో లాగేసే ఆపరేషన్, చేయించుకోవాలనుకునేవాళ్లకు ఈ తేడా ముందే తెలియాలి. థియేటర్‌లో ఏం జరుగుతుందో వీడియోల్లో అందరూ చూసే వస్తున్నారు. ఇంటికెళ్లాక ఏం జరుగుతుందో చూసి వచ్చినవాళ్లు తక్కువ.

పొట్టలో ఏది తీయగలం

పొట్ట ముందుకు రావడానికి కారణాలు మూడు. చర్మం కింద పట్టిన కొవ్వు ఒకటి. పేగుల చుట్టూ లోపల పేరుకున్న కొవ్వు ఇంకొకటి. కాన్పుల తర్వాత మధ్యలో విడిపోయి సడలిన కండరాలు మూడోది. లైపోసక్షన్ గొట్టం పోయేది మొదటిదాని దగ్గరికే. లోపలి కొవ్వు జోలికి ఏ గొట్టమూ పోదు, పోకూడదు. మగవాళ్లు చాలామంది గట్టిగా, గుండ్రంగా ఉన్న పొట్టతో వస్తారు. వేళ్లతో పట్టుకుందామంటే చర్మం తప్ప ఏమీ చిక్కదు. అది లోపలి కొవ్వు. వాళ్లను తిండి, మద్యం, నడక గురించి మాట్లాడి పంపించేస్తాను. కొందరికి కోపం వస్తుంది. వేరేచోట చేయించుకుంటామని వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

ఈమెను నిలబెట్టి చూస్తే బొడ్డు కింద, నడుముకు రెండు పక్కలా కొవ్వు వేళ్ల మధ్యకు బాగా వచ్చింది. తర్వాత పడుకోబెట్టి, చేతులు కట్టుకుని తల మాత్రమే పైకి లేపమన్నాను. అలా లేపినప్పుడు కండరాల మధ్య సందు ఉంటే వేళ్లకు తెలుస్తుంది, హెర్నియా (కండరాల సందులోంచి పేగు పొడుచుకు రావడం) ఉంటే ఉబ్బుతుంది. బొడ్డు దగ్గర రెండు వేళ్లు పట్టేంత సందు ఉంది. హెర్నియా చేతికి తగల్లేదు. అయినా స్కానింగ్ చేయించాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, దేశంలోనే ఎక్కువ. మా దగ్గరికి పొట్ట గురించి వచ్చే ఆడవాళ్లలో కుట్ల మచ్చ లేనివాళ్లు తక్కువ. పాత కుట్ల కింద చిన్న హెర్నియా దాగి ఉండి, అది తెలియక గొట్టం లోపలికి పోనిస్తే పేగుకే రంధ్రం పడొచ్చు. చేత్తో చూసినదాన్ని స్కానింగ్‌తో నిర్ధారించుకోకుండా పాత కుట్లున్న పొట్ట మీద నేను చెయ్యి వేయను.

స్కానింగ్‌లో హెర్నియా లేదు. ఇక చెప్పాల్సింది అసలు మాట. కొవ్వు తీస్తే నడుము పక్కలు బాగా తగ్గుతాయి, ముందు భాగం కొంత తగ్గుతుంది. కానీ సడలిన కండరం అలాగే ఉంటుంది, సిజేరియన్ మచ్చ మీదికి వాలే చర్మం కొంత మిగులుతుంది. అది కూడా పోవాలంటే టమ్మీ టక్ చేయాలి. ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా కోత, కండరాలు దగ్గరికి లాగి కుట్టడం, ఎక్కువ రోజుల సెలవు. “మళ్లా అడ్డంగ కోస్తరా? వద్దు సార్” అన్నారు. ఆమె నిర్ణయం అది. మిగిలే చర్మాన్ని అద్దంలో చూపించి, ఎంత మిగులుతుందో కేస్ షీట్‌లో రాసి సంతకం తీసుకున్నాను.

“ఎన్ని కిలోలు తీస్తరు?” అని అడగనివాళ్లు లేరు. ఒక లీటరు కొవ్వు బరువు సుమారు 900 గ్రాములు. ఒకేసారి బయటికి తీసే మొత్తం, అంటే కొవ్వూ ద్రవమూ కలిపి, 5 లీటర్లు దాటితే దాన్ని పెద్ద పరిమాణంలో చేసే లైపోసక్షన్ అంటారు. అప్పుడు ప్రమాదం పెరుగుతుంది, రాత్రంతా ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండాలి. ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు, ఆకారం మార్చే ఆపరేషన్. రెండు కిలోలు తగ్గొచ్చని చెబితే ఆమె మొహంలో కొంచెం నిరాశ కనిపించింది. ఆ నిరాశ ఏదో ఆపరేషన్‌కి ముందే రావడం మంచిది.

ఆమె భర్త రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది: “మా అత్తకు, మామకు ఇద్దరికీ షుగరే. కొవ్వు తీసేస్తే ఈమెకు రాకుండ ఉంటదా?” ఉండదు. 2004లో అమెరికాలో 15 మంది ఊబకాయం ఉన్న మహిళల పొట్ట నుంచి పది కిలోల దాకా కొవ్వు తీసి చూశారు. ఇన్సులిన్ పనితీరులోగానీ, బీపీలోగానీ, కొలెస్ట్రాల్‌లోగానీ మెరుగుదల ఏమీ కనిపించలేదు. తిండి తగ్గించి, నడిచి తగ్గినప్పుడు కొవ్వు కణాలు చిన్నవవుతాయి, లోపలి కొవ్వు కూడా కరుగుతుంది. షుగర్ మీద ఆ ప్రభావం గొట్టంతో లాగితే రాదు. రెండో ప్రశ్న గొంతు తగ్గించి అడిగారు. 2015లో ఒక తెలుగు సినీనటి చనిపోయినప్పుడు ఈ ఆపరేషన్ పేరు వార్తల్లో వచ్చింది కదా అని. దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఆ ప్రశ్న వస్తుంది. ఆ నటి వైద్యం గురించి నేను మాట్లాడలేను. కానీ లైపోసక్షన్ వల్ల ప్రాణం పోయే అవకాశం లేదని ఏ డాక్టరైనా అంటే నమ్మొద్దని చెప్పాను. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం, కొవ్వు బిందువులు రక్తంలో కలవడం, పేగుకు గాయం, మత్తుమందు మోతాదు మించడం, ఒంట్లో నీరు ఎక్కువై ఊపిరి ఆడకపోవడం: ఇవన్నీ అరుదు, కానీ ఉన్నాయి. వీటిలో చాలావాటిని ఆపగలం. ఆపాలంటే కేసును సరిగ్గా ఎంచుకోవాలి, తీసే పరిమాణానికి హద్దు పెట్టుకోవాలి, ఐసీయూ అందుబాటులో ఉన్నచోటే చేయాలి.

బతుకమ్మకు ఎందుకు కాలేదు

రక్త పరీక్షల్లో హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది కాబట్టి మాకు ఆశ్చర్యం లేదు. ఆమెకే నమ్మకం కలగలేదు: “నాకు నీరసం కూడ లేదు.” అత్యవసరం కాని, అందం కోసం చేసే ఆపరేషన్‌కి ఆ హిమోగ్లోబిన్‌తో వెళ్లడానికి నేను ఒప్పుకోను. ఐరన్ మొదలుపెట్టాం. ఆమెకు నెలసరి ఎక్కువగా అవుతోంది, గైనకాలజిస్ట్‌కి చూపించి దానికి కారణం తెలుసుకోమన్నాను. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9, అంటే షుగర్ గడప దగ్గర ఉంది. థైరాయిడ్ అదుపులో ఉంది.

వాయిదా పడటం ఇంకో రకంగానూ మేలైంది. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు పొట్ట చుట్టూ బిగుతు గార్మెంట్ వేసుకోవాలి. మనవాళ్లు బెల్టు అంటారు. వరంగల్ ఎండల్లో, మే నెలలో, కరెంటు పోయిన మధ్యాహ్నం దాన్ని వేసుకుని కూర్చోమంటే ఎవరూ కూర్చోరు. గంట గంటకీ తీసేస్తారు, చెమటకాయలు లేస్తాయి, వాపు తగ్గదు. తేదీ ఎంచుకునే వీలుంటే దీపావళి తర్వాత, మాఘమాసం లోపు చేయించుకోమంటాను.

ఇంకొకటి ఆడవాళ్లను ప్రత్యేకంగా అడగాలి, వాళ్లంతట వాళ్లు చెప్పరు: పండగకో, వ్రతానికో నెలసరి వెనక్కి జరపడానికి గోలీలు వేసుకున్నారా అని. మందుల వివరాలు అడిగితే “థైరాయిడ్ ఒక్కటే సార్” అంటారు. అదీ మందేనని వాళ్ల లెక్కలో ఉండదు. ఆ హార్మోన్ గోలీలూ, గర్భనిరోధక మాత్రలూ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. ఈమె బతుకమ్మ తొమ్మిది రోజులకూ వేసుకున్నారు. ఆపరేషన్ నవంబరు చివరకు పెట్టాం కాబట్టి మధ్యలో తగినంత వ్యవధి దొరికింది. రక్తస్రావం పెంచే ఆస్పిరిన్, నొప్పి గోలీలు, విటమిన్-ఈ క్యాప్సూల్స్ కూడా ఆపించాం. ఐరన్‌తో హిమోగ్లోబిన్ 11.8కి వచ్చింది. ఈ మధ్యలో నడక మానలేదు కాబట్టి బరువు 66కి తగ్గింది.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. అందం కోసం చేసే ఆపరేషన్ ఆరోగ్య బీమా కిందికి రాదు. ఈఎంఐ మీద, పండగ ఆఫర్ మీద చేస్తామనే ప్రకటనలు చూసి ఫోన్ చేసేవాళ్లు ధర ఒక్కటే పోల్చుకుంటున్నారు. మత్తు ఇచ్చే డాక్టర్ ఎవరు, రాత్రికి ఎవరుంటారు, చేసే సర్జన్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్ లేదా డీఎన్‌బీ ఉందా, మెడికల్ కౌన్సిల్‌లో ఆ డిగ్రీ నమోదై ఉందా అని అడగండి. అడిగితే చిరాకుపడే చోటు నుంచి లేచి వచ్చేయండి.

థియేటర్‌లో

ఆపరేషన్ రోజు పొద్దున మొదట చేసేది నిలబెట్టి గీతలు గీయడం. పడుకుంటే కొవ్వు పక్కలకు జారిపోతుంది, ఏది ఎక్కడుందో తెలియదు. అందుకే మెలకువగా, నిటారుగా ఉన్నప్పుడే మార్కర్‌తో గీస్తాం. ఎక్కువ తీయాల్సిన చోట వలయాలు, ముట్టకూడని చోట అడ్డగీతలు. ఆమెను అద్దం ముందు నిలబెట్టి ఆ గీతలు చూపించి, “ఇవేనా మీరు అనుకున్న చోట్లు?” అని అడిగాను. వెనక నడుము మీద ఎడమవైపు ఒక చోటు చూపించి అదీ కలపమన్నారు. సిగ్గుపడే ఈ పది నిమిషాలూ ఒక సిస్టర్ పక్కనే ఉంటారు. ఫొటోలూ అప్పుడే తీస్తాం, ముఖం రాకుండా.

చిన్న చోట్లయితే మెలకువగా ఉంచి, ఆ భాగానికే మత్తిచ్చి చేయొచ్చు. ఈమెకు పొట్ట, రెండు పక్కలు, వెనక కొంత భాగం. మధ్యలో ఒరిగించాలి కాబట్టి పూర్తి మత్తు ఇచ్చాం. పిక్కలకు గాలితో బిగిసి వదిలే తొడుగులు వేశాం. మనిషి కదలకుండా పడుకున్నప్పుడు కాళ్లలో రక్తం నిలవకుండా అవి తోస్తూ ఉంటాయి.

ఇక ద్రవం ఎక్కించడం. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రవంలో లిగ్నోకైన్ (ఆ చోటును మొద్దుబార్చే మత్తుమందు), అడ్రినలిన్ కలిపి చర్మం కింద కొవ్వులోకి పంపుతాం. ఈ పద్ధతిని 1980లలో కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ రూపొందించాడు. అంతకుముందు 1970ల చివర్లో ఫ్రాన్స్‌లో ఇవ్-జెరార్ ఇల్లూజ్ మొన లేని గొట్టం వాడకాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. వీళ్లిద్దరి కంటే చాలా ముందు, 1920లలో, పారిస్‌లో ఒక నర్తకి కాలి కొవ్వు పదునైన పరికరంతో గీకి తీయబోతే చివరికి ఆమె కాలే తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు రక్తం అంతగా పోకపోవడానికి కారణం అడ్రినలిన్. లీటరుకు ఒక మిల్లీగ్రాము చాలు, రక్తనాళాలు ముడుచుకుంటాయి. మెలకువగా చేసేటప్పుడు లిగ్నోకైన్ కిలో బరువుకు 35 మిల్లీగ్రాముల దాకా వాడతారు. పూర్తి మత్తులో అంత అవసరం లేదు కాబట్టి నేను లీటరుకు 250 మిల్లీగ్రాములే కలుపుతాను. ఈమెకు మూడున్నర లీటర్లు పట్టింది. లెక్కేస్తే కిలోకు 13 మిల్లీగ్రాములు.

ద్రవం పోయాక తొందరపడకూడదు. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. చూస్తుండగా చర్మం రంగు మారుతుంది. మొదట అక్కడక్కడ తెల్లటి మచ్చలు, తర్వాత అవన్నీ కలిసి పొట్ట మొత్తం పాలిపోయి, గట్టిగా, చల్లగా అవుతుంది. అలా తెల్లబడని చోట గొట్టం పెడితే సీసాలోకి ఎర్రగా వస్తుంది.

కోతలు నాలుగు, ఒక్కోటి అర సెంటీమీటరు లోపే. రెండు పాత సిజేరియన్ మచ్చలోనే, ఒకటి బొడ్డులో, ఇంకొకటి నడుము మడతలో. 4 మిల్లీమీటర్ల గొట్టంతో లోతు పొర, 3 మిల్లీమీటర్ల గొట్టంతో పై పొర. కుడిచెయ్యి గొట్టాన్ని ముందుకీ వెనక్కీ కదుపుతుంది. ఎడమచెయ్యి చర్మం మీద చదునుగా ఉండి, గొట్టం మొన ఎక్కడుందో, ఎంత మందం మిగిలిందో క్షణక్షణం చెబుతూ ఉంటుంది. మొన ఎడమ అరచేతి కింద తగలకపోతే ఆగిపోవాలి. అది ఎక్కడికి పోయిందో తెలియదన్నమాట. సిజేరియన్ మచ్చ చుట్టూ కణజాలం గట్టిపడి ఉంటుంది, అక్కడ బలం పెట్టడం ప్రమాదం. మచ్చకు ఆనుకుని ఉన్న చోట నేను తక్కువే తీశాను. కొవ్వంతా తీసేయడమూ తప్పే. చర్మం కింద పలచని పొర వదలకపోతే చర్మం కండరానికి అతుక్కుని గుంటలు పడతాయి. ఆ గుంటలు సరిచేయడం మొదటి ఆపరేషన్ కంటే కష్టం.

రెండు గంటల తర్వాత సీసాల్లో 3,200 మిల్లీలీటర్లు ఉంది. నిలబెట్టి ఉంచితే పైన పసుపు కొవ్వు తేలింది, కింద లేత గులాబీ నీళ్లు. కొవ్వు 2,100. అంటే రెండు కిలోల లోపే.

“గ్లూకోజ్ బాటిల్ ఒక్కటే పెట్టిన్రు”

సాయంత్రం వార్డులో ఆమె తల్లి సిస్టర్‌తో గొడవపడ్డారు. ఇంత పెద్ద ఆపరేషన్ చేసి గ్లూకోజ్ ఒక్కటే ఎక్కించారని, పక్క గదిలో పిత్తాశయం ఆపరేషన్ ఆమెకు మూడు పెట్టారని. లెక్క చెప్పాల్సి వచ్చింది. మూడున్నర లీటర్లు లోపలికి పంపాం. సీసాలోకి తిరిగి వచ్చిన నీళ్లు లీటరు పైచిలుకే. మిగతాది ఒంట్లోనే ఉంది, మెల్లగా రక్తంలోకి చేరుతుంది, మూత్రంలో పోతుంది. పైనుంచి మళ్లీ సీసాలు ఎక్కిస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఎక్కువ సెలైన్ పెట్టిన ఆసుపత్రే బాగా చూసుకున్నట్టు అనే లెక్క ఈ ఆపరేషన్‌లో తిరగబడుతుంది.

రాత్రి పదకొండుకు భర్త డ్యూటీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. దుప్పటి, పరుపు, నైటీ అన్నీ ఎర్రగా తడిసిపోయాయి. ఇది జరుగుతుందని మేం పొద్దునే చెప్పాం, కాగితం మీదా రాసిచ్చాం. అయినా చూసినప్పుడు భయం భయమే. ఆ రంధ్రాలను పూర్తిగా కుట్టకుండా వదులుగా ఉంచేది ఆ నీళ్లు బయటికి పోవడానికే. గ్లాసు నీళ్లలో చెంచాడు రక్తం పోస్తే గ్లాసంతా ఎర్రగా కనిపించినట్టే ఇదీ. నాడి 86, బీపీ మామూలు. ప్యాడ్లు మార్చాం. ఒకటి, రెండు రోజుల్లో ఆగిపోతుంది. చిక్కటి ముదురు రక్తం, గడ్డలు, పొట్ట ఒకవైపే ఉబ్బి బిగుసుకోవడం, కళ్లు తిరగడం ఉంటే మాత్రం అది వేరే కథ. మంచం మీద రబ్బరు షీటు, పాత దుప్పట్లు సిద్ధంగా పెట్టుకోమని చెబుతాం. కొత్త పరుపు మీద పడుకోబెట్టిన ఇళ్లూ ఉన్నాయి.

ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచడానికి ఇంకో కారణం ఉంది. చర్మం కింద పోసిన లిగ్నోకైన్ రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరేది ఎనిమిది నుంచి పదహారు గంటల మధ్య. ఎక్కువ మోతాదు పడి అదే రోజు ఇంటికెళ్లినవాళ్లకు పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, మాట తడబాటు రాత్రి నిద్రలో మొదలవ్వొచ్చు. ఈమె మోతాదు తక్కువ. అయినా మా దగ్గర పద్ధతి అది.

ఆరోజు సాయంత్రమే లేపి నడిపించాం. తెల్లారి డిశ్చార్జి చేశాం. ఊరికి వెంటనే పోవద్దని, హన్మకొండలో చెల్లెలింట్లో మూడు రోజులు ఉండమన్నాం. గంటకోసారి గదిలోనే నడవాలి.

వాపు, పథ్యం, కాపడం

మూడో రోజు గార్మెంట్ మొదటిసారి విప్పి స్నానం చేయాలి. ఇక్కడ చాలామంది కళ్లు తిరిగి పడతారు. బిగించి ఉన్నది ఒక్కసారి వదిలితే రక్తం కిందికి జారుతుంది, బీపీ పడిపోతుంది. పడుకునే విప్పాలి, కాసేపు ఆగి లేవాలి, స్టూల్ మీద కూర్చుని స్నానం చేయాలి, బాత్రూం తలుపు గొళ్లెం పెట్టకూడదు, బయట ఒకరు ఉండాలి. వేడినీళ్లు వద్దు, గోరువెచ్చనివి చాలు.

అదే రోజు ఆమె బరువు చూసుకున్నారు: 67.4. ఆపరేషన్‌కి ముందు 66. నడుము కొలత కూడా పెరిగింది. “తీసిన్రా, నింపిన్రా సార్?” అని ఫోన్ చేశారు. కోపంగానే. గాయపడిన కణజాలంలో నీరు చేరుతుంది, మూడు నుంచి ఐదు రోజుల మధ్య వాపు గరిష్ఠంగా ఉంటుంది. నెలన్నర దాకా బరువు యంత్రం ఎక్కొద్దని చెప్పాను.

నాకు చెప్పని సంగతి ఒకటి సిస్టర్‌కి చెప్పారు. కింద, మూత్రం పోసే చోట చుట్టూ బాగా ఉబ్బి, నల్లగా కమిలింది. రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా భయపడుతూ కూర్చున్నారట. పొట్టలోని ద్రవమూ, చిందిన రక్తమూ కిందికి దిగుతాయి, దిగి ఆగేది అక్కడే. మగవాళ్లలోనూ వృషణాల సంచి అలాగే ఉబ్బుతుంది. వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది. సిగ్గు వల్ల ఎవరూ అడగరు, అడగరు కాబట్టి డాక్టర్లు చెప్పరు. ఇప్పుడు మా దగ్గర ఆపరేషన్ ముందే సిస్టర్లు ఆడవాళ్లతో విడిగా ఈ మాట చెబుతున్నారు.

ఇక పథ్యం. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి అని, పెరుగు నంజు అని నాలుగు రోజులు మిరియాల చారు, అన్నం తప్ప ఏమీ పెట్టలేదు. గాయం మానడానికి కావలసింది ప్రొటీన్, మనం పథ్యం పేరుతో సరిగ్గా దాన్నే ఆపుతాం. అది పాతకాలపు నమ్మకం అని అంటే పెద్దావిడ వినరు. “అమ్మా, మందు కింద రాసిస్తున్న, రోజుకు రెండు గుడ్లు, పొద్దున పప్పు, రాత్రి పెరుగు” అని ప్రిస్క్రిప్షన్ మీదే రాసి ముద్ర వేసిచ్చాను. అలా రాస్తే పెడతారు.

నిజంగా నన్ను భయపెట్టింది కాపడం. ఐదో రోజుకు ఊరికి వెళ్లారు. వాపు తగ్గాలని తల్లి ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి పొట్టకు పెట్టబోయారు. లైపోసక్షన్ తర్వాత చర్మం వారాలపాటు మొద్దుబారి ఉంటుంది, వేడి తెలియదు. బొబ్బలు లేచేదాకా రోగికి కాలుతున్నట్టే ఉండదు. పలచబడి, రక్తప్రసారం తగ్గిన ఆ చర్మం కాలితే మచ్చ జీవితాంతం ఉంటుంది. అదృష్టం, మధ్యాహ్నం మా సిస్టర్ మామూలుగా చేసే ఫోన్‌లో ఆ మాట దొర్లింది, ఆపించారు. ఐసుగడ్డలూ నేరుగా పెట్టకూడదు.

ఆ రాత్రే భర్త ఫోన్: “ఊపిరి సరిగ్గ ఆడుతలేదు అంటున్నది. గ్యాస్ అనుకుంట. ఇక్కడ ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేపియ్యమంటరా?” పరుపు తడిసినప్పుడు పరుగెత్తుకొచ్చిన మనిషి, ఈసారి నెమ్మదిగా అడుగుతున్నారు. ఆపరేషన్ అయిన మొదటి మూడు, నాలుగు వారాల్లో ఆయాసం, ఛాతీలో నొప్పి, ఒక పిక్క మాత్రమే ఉబ్బి నొప్పెట్టడం వస్తే గ్యాస్ గోలీతో కాలక్షేపం చేయకూడదు. యాభై కిలోమీటర్లు, రాత్రిపూట, కారు మాట్లాడుకుని రమ్మన్నాను. వచ్చేసరికి నాడి 84, ఆక్సిజన్ 98, ఈసీజీ, ఎకో మామూలు, కాళ్ల డాప్లర్ (రక్తనాళాల స్కానింగ్)లో గడ్డలు లేవు. గార్మెంట్ పైఅంచు చుట్టుకుపోయి తాడులా ఛాతీ కింద బిగుసుకుంది. అది వదులు చేయగానే ఊపిరి హాయిగా ఆడింది. తెల్లారేదాకా ఉంచి పంపాం. “ఊరికే తిప్పించిన్రు” అని తల్లి అన్నారట. ఇలా పదిసార్లు ఊరికే తిప్పించినా నాకు ఫర్వాలేదు.

నెలలు గడిచే కొద్దీ

పదో రోజున బడికి వెళ్లారు. చీర వద్దన్నాను. వాపున్న పొట్ట మీద లంగా నాడా బిగించి కడితే ఆ గీత దగ్గర గాడి పడి నిలిచిపోవచ్చు. ఆరు వారాలు పంజాబీ డ్రెస్‌లోనే బడికి పోయారు.

పన్నెండో రోజు సిజేరియన్ మచ్చ పైన ఎడమవైపు తడితే లోపల నీళ్లు కదిలినట్టు తెలిసింది. దీన్ని సీరోమా అంటారు, కొవ్వు తీసిన చోట నీరు చేరడం. సూదితో 40 మిల్లీలీటర్ల పచ్చటి నీరు తీసి, అక్కడ ఫోమ్ ముక్క పెట్టి గార్మెంట్ బిగించాం. వారం తర్వాత మళ్లీ కొంచెం తీశాం. ఆపై రాలేదు.

మూడో వారం నుంచి గట్టి ముద్దలు తగిలాయి, దురద, చీమలు పాకినట్టు, ఉన్నట్టుండి సూది గుచ్చినట్టు. నరాలు మేల్కొంటున్నాయి. రోజూ రెండుసార్లు వేళ్లతో మృదువుగా మర్దన నేర్పించాం. కమిలిన మచ్చలు ఊదా నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారుతూ తొడల దాకా దిగి మాయమయ్యాయి. రెండు గార్మెంట్లు కొనుక్కున్నారు, ఒకటి ఉతికితే ఒకటి. చలికాలం కాబట్టి రాత్రిళ్లు కూడా వేసుకోగలిగారు.

సంక్రాంతి దాటాక చీర కట్టారు. మూడో నెలలో ముద్దలు పోయాయి. ఆరో నెలలో కొలిస్తే నడుము 97 సెంటీమీటర్ల నుంచి 89కి వచ్చింది, బరువు 64. నడుము పక్కలు బాగా వచ్చాయి. మచ్చ పైన చర్మం మేం రాసుకున్నంతే మిగిలింది, కూర్చుంటే చిన్న మడత పడుతుంది. బొడ్డు కింద అరచేయంత మేర స్పర్శ ఇంకా మొద్దుగానే ఉంది. అది ఏడాది దాకా పట్టొచ్చు, కొంచెం అలాగే ఉండిపోవచ్చు కూడా. తీసిన కొవ్వు కణాలు తిరిగి రావు, కానీ మిగిలినవి ఉబ్బుతాయి. బరువు పెరిగితే పొట్టలోనో, చేతుల మీదో, వీపు మీదో కనిపిస్తుంది. హెచ్‌బీఏ1సీ 5.7, ఆ మార్పు నడకది, జొన్నరొట్టెది.

ఆరో నెల చూపించుకోవడానికి వచ్చినప్పుడు చేతులకు కూడా చేస్తారా అని అడిగారు. బరువు ఇంకో ఏడాది 64 దగ్గర నిలబడితే అప్పుడు మాట్లాడదామన్నాను. హిమోగ్లోబిన్ మళ్లీ 10.4కి దిగింది, నెలసరి ఇంకా ఎక్కువగానే అవుతోంది. గైనకాలజిస్ట్ దగ్గరికి ఈసారి మేమే అపాయింట్‌మెంట్ తీసుకుని పంపాం.